అంటు కింది చిగురు

మొన్న మంగళవారం ఉదయం నర్సీపట్నం కూరగాయల మార్కెట్లో ఉండగా శామ్యూల్ గారు పోయారని చెప్పారు. నమ్మలేకపోయాను. కాలు ఒకచోట నిలవని మనిషి నిద్రలోనే, కదలకుండా వెళ్లిపోయారంటే మనసు ఒప్పుకోలేదు. ఇంటికి వచ్చి, ఎన్నో ఏళ్ల అలవాటు కొద్దీ డైరీ తెరిచి ఆయన పేరు రాశాను. పక్కన ఇంకేమీ రాయలేక మూసేశాను. అప్పటినుంచీ వీధిలో మోపెడ్ చప్పుడైతే చాలు, లేచి గుమ్మంలోకి వెళ్తున్నాను.

రోలుగుంట రోడ్డులో, రైతులకూ అడవికీ మొక్కలు పెంచి ఇచ్చే ప్రభుత్వ నర్సరీలో, తొంభైలలో మేమిద్దరం కలిసి పనిచేశాం. తొలకరికి మొక్కలు పంచి ఆ లెక్క పైకి పంపితే ఆఫీసుకు పని ముగిసినట్టే. శామ్యూల్ గారికి అప్పుడే మొదలయ్యేది. ఆదివారం చర్చిలో ప్రార్థన కాగానే, పంచిన మొక్కలు ఎలా ఉన్నాయో చూడ్డానికి ఆ తెల్లచొక్కాతోనే మోపెడెక్కి కొండదారి పట్టేవారు.

"ఏవయ్యా, మొక్కలకి డాక్టరువా?" అని మా అధికారి ఎద్దేవా చేస్తే, "డాక్టర్ని పిలిస్తే వెళ్తాడండీ. మొక్క పిలవదు కదా" అనేవారు. "కూకుంటే మొక్కలాగ కాళ్లకి ఏర్లొచ్చేస్తాయని బయమండీ ఈయనకి" అని వాళ్లావిడ నవ్వేవారు.

కృష్ణదేవిపేట అవతల కొండవాలులో నూకాలమ్మ అనే ఒంటరి ఆడమనిషికి మెట్టనేల చెక్క ఒకటి ఉంది. శామ్యూల్ గారి మాట నమ్మి, సగం చెక్కలో తిండికి వేసుకునే చోడి, అంటే రాగి, మానేసి జీడిమామిడి అంటుమొక్కలు వేసింది. అంటుమొక్కకు కింద భాగం నాటుది, పైది మేలురకం. కింది నుంచి చిగురు లేస్తే పైదానికి బలం అందదు. కానీ ఆ చిగురే నిగనిగలాడుతుంది. చూసినవాళ్లు మొక్క బతికిందని మురిసి దాన్నే సాకుతారు.

రెండో ఏడు వానల్లో నేనూ వెంట వెళ్లాను. ఆయన చాకు తీయగానే నూకాలమ్మ అడ్డం పడింది.

"ఏటి బాబూ, బతికిందాన్ని కోసేసి సచ్చేదాన్ని ఉంచుతావేటి?"

"పైదే నీదమ్మా. కిందిది దాని కూడు లాక్కుంటంది."

"నీకేటి, కోసేసి బండెక్కి బేగి పోతావు. సోడి మానుకున్నది నేను కదా!"

ఆయన చాకు దించారు. "ఒక్క వరస కోస్తాను. రెండోది నీ ఇష్టం" అన్నారు.

ఆ ఏడాదంతా ఆయనకు కంటిమీద కునుకు లేదు. "మన మాట మీద ఆవిడ తిండిగింజలు ఒదులుకుంది గురువుగారూ. అంటు సచ్చిపోతే ఏటి సెప్పను?" అంటూ నర్సరీ గట్టు మీద అటూ ఇటూ తిరిగేవారు. మళ్లీ వానలు పడేసరికి కోసిన వరస పుంజుకుంది. కోయని వరసలో పైకొమ్మలు వాడుముఖం పట్టాయి. నూకాలమ్మే కొడవలి పట్టుకుని ఆ వరసలోకి దిగింది.

రిటైరయ్యాక కూడా ఆయన ఆదివారాలు ఆగలేదు.

సమాధి దగ్గర నూకాలమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మా ఊరోళ్లు కొత్తగా అంటులేసారు బాబూ. కింద సిగురు కొయ్యనివ్వడం నేదు. నా మాట ఇనరు. ఈ ఆదివారం వచ్చి సెప్తానన్నాడు."

ఆదివారం నేనే బస్సెక్కాను. ఆ కొత్త అంటుల దగ్గర చాకు తీసి వంగగానే ఆ చెక్క రైతు ముందుకొచ్చాడు. "ఏటండీ, బతికిందాన్ని కోసేస్తారేటి?"

వెనక్కి తిరిగి చూశాను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే మనిషిని మట్టిలో పెట్టి వచ్చాం.

"ఒక్క వరస కొయ్యనీరా," అంది వెనకనుంచి నూకాలమ్మ. "పైదే నీది."

రైతు పక్కకు తప్పుకున్నాడు. కోశాను. ఆయన చోట నిలబడ్డానని అనుకోను. అది నాకు అందే చోటు కాదు. డైరీలో ఆయన పేరు పక్కన ఇప్పటికీ ఏమీ రాయలేదు. వచ్చే ఆదివారం కృష్ణదేవిపేట బస్సు ఎన్నింటికో మాత్రం రాసుకున్నాను.