రెండు పిక్కలు కోసి చూసిన ఆదివారం

నా చిన్నప్పుడు నాకు ఒక్క మనిషి మీదే అసూయ ఉండేది. కానీ అది ఊరందరికీ పంచినా ఇంకా మిగిలేంత. ఆ మనిషి మా పెదనాన్న కూతురు. నాకన్నా రెండు నెలలు పెద్దది కాబట్టి అక్క అనాలట. నేను అనేదాన్ని కాదు. ఇద్దరం ఇంటర్ మొదటి సంవత్సరం. పొద్దున్నే సుమ్మాదేవి స్టేషన్లో పాసింజర్ రైలెక్కి పలాస కాలేజీకి వెళ్లేవాళ్లం. కిటికీ పక్క సీటు రోజూ నాదే, పోట్లాడి తీసుకునేదాన్ని. లెక్కల్లో మొదటి మార్కు ఎప్పుడూ దానిదే, పోట్లాడకుండా తెచ్చుకునేది. మా అమ్మకు ఆ రెండోదే కనిపించేది.

తొలి జీడిపిక్కలు రాలే రోజుల్లో టెక్కలిలో కాలేజీలన్నిటికీ కలిపి లెక్కల పోటీ పెట్టారు. మా కాలేజీ నుంచి ఒక్కరినే పంపుతామనీ, సోమవారం పెట్టే చిన్న పరీక్షలో ఎవరు ముందుంటే వాళ్లేననీ మాస్టారు చెప్పారు. టెక్కలి ఏమీ ఢిల్లీ కాదు. అయినా మాస్టారు మా పెదనాన్న కూతురి పేరు పిలిచి నా పేరు పిలవకపోతే ఇక ఆ రైలెక్కనని మనసులో ఒట్టు పెట్టుకున్నాను.

ఆదివారం ఇద్దరం మా మేనత్త ఇంటి అరుగు మీద కూర్చుని చదువుతున్నాం. అత్త తోటల వాళ్ల దగ్గర జీడిపిక్కలు కొని పలాస ఫ్యాక్టరీలకు వేసేది. సంతకం తప్ప చదువు లేదు. నా నోరు ఆమె పోలికేనని మా ఇంట్లో అందరూ అనేవారు.

ఎక్స్ ఇంటూ ‘ఈ’ పవర్ మైనస్ ఎక్స్ అనే ప్రమేయం ఎక్కడ ఆరోహణమో, ఎక్కడ అవరోహణమో కనుక్కోవాలి. దానికి అవకలజం, అంటే డెరివేటివ్, కట్టాలి; అది ధనాత్మకమైతే ప్రమేయం పెరుగుతున్నట్టు, రుణాత్మకమైతే తగ్గుతున్నట్టు. అది ఇద్దరికీ ఒకటే వచ్చింది. ఒకటిలోంచి ఎక్స్ తీసేసి, మిగిలినదాన్ని ఈ పవర్ మైనస్ ఎక్స్‌తో గుణిస్తే అదే. ఎక్స్ ఒకటైనప్పుడు అది సున్నా. అక్కడిదాకా గొడవ లేదు. ఒకటికి ఇవతల ప్రమేయం పెరుగుతుందనీ, అవతల తగ్గుతుందనీ తను రాసింది. నాకు సరిగ్గా తలకిందులుగా వచ్చింది. ఆ ‘ఈ’ నెత్తి మీద మైనస్ ఉంది కాబట్టి ఆ ముక్కంతా రుణాత్మకమేనని నా వాదన. అరగంట వాదించాను. పాపం, అది నెమ్మదిగా ఏదో చెప్పబోయింది. నేను చెప్పనిస్తే కదా. చివరికి విసుగొచ్చి తన జవాబు రబ్బరుతో చెరిపేసి నాది రాసుకుంది. నీళ్లు తోడాలని పుస్తకం సర్దుకుని ఇంటికి వెళ్లిపోయింది. నేను గెలిచాననుకున్నాను.

అత్తకు ఒక పద్ధతి ఉండేది. ఏ తోట పిక్కలు ఆ తోటవిగా కుప్ప పోయించేది. రెండు తోటలవి కలిపి తెస్తే ముట్టుకునేది కాదు. ప్రతి కుప్పలోకీ మోచేతిదాకా చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి, సొన అంటకుండా చేతికి కొబ్బరినూనె రాసుకుని, కత్తిపీట మీద కోసి చూసేది. ఆ తర్వాతే బేరం. ఆ రోజూ అదే పనిలో ఉండి, నా అరుపంతా విన్నట్టుంది.

"ఏటే కోడలా, పిట్టలు కూడా ఎగిరిపోనాయి. ఏటి గొడవ?" అంది.

ఆమెకేం అర్థమవుతుందిలే అని గొప్పగానే చెప్పాను. ఒక గీత ఉందనుకో, దాని మీద ఒకటి దగ్గర గుర్తు మారుతుంది, దానికి ఇటంతా ఒక రకం, అటంతా ఒక రకం అని.

"అంటే రెండు కుప్పలు. ఇటుదొకటి, అటుదొకటి కోసి సూసినావా?"

"ఇది లెక్కత్తా, పిక్కలు కావు."

"ఏదైతే ఏటి. ఒకే తోటదైతే ఒక్క పిక్క కోసినా సాలు, కుప్పంతా తెలిసిపోతాది. కొయ్యకండా అరిసినోడికి పుచ్చులే మిగుల్తాయి."

ఆమె నోరు మూయించడానికే ఇవతలి నుంచి సున్నా తీసుకున్నాను. ఈ పవర్ సున్నా అంటే ఒకటి. ఒకటిలోంచి సున్నా తీసేస్తే ఒకటి, దానితో గుణించినా ఒకటే. ధనాత్మకం. పెరుగుతోంది. అవతలి నుంచి రెండు తీసుకున్నాను. ఈ పవర్ మైనస్ రెండు అంటే ఈ స్క్వేర్ కింద ఒకటి, అదీ ధనాత్మకమే. ఒకటిలోంచి రెండు తీసేస్తే మాత్రం మైనస్ ఒకటి, గుణిస్తే మొత్తం రుణాత్మకం. తగ్గుతోంది. నెత్తి మీద మైనస్ ఎంతసేపున్నా ‘ఈ’ ముక్క సున్నా కిందికి దిగనే లేదు.

నేను రాసింది కొట్టేయడం అత్త చూసినట్టుంది.

"పుచ్చు తగిలిందా? ఎవరి కుప్పలో?"

నాదాంట్లోనేనన్నాను. ఆమె నా పక్కన పడి ఉన్న రబ్బరు ముక్కకేసి ఒకసారి చూసి, మళ్లీ కత్తిపీట ముందుకు లాక్కుంది. సరైన జవాబు చెరిపించింది నేను. సోమవారం పరీక్షలో ఇదే లెక్క వచ్చిందంటే, నేను నోరు మూసుకుని కూర్చుంటే చాలు, టెక్కలి నాది. ఆ సాయంత్రమంతా నాలుగిళ్ల అవతల ఉన్న దాని గుమ్మం దాకా కూడా వెళ్లలేదు.

సోమవారం రైల్లో కిటికీ సీటు కోసం పోట్లాడలేదు. అది వింతగా చూసి కూర్చుంది. పలాస దగ్గర పడుతుంటే ఇక ఆగలేక, తిట్టినట్టే చెప్పాను, నీదే కరెక్టు, సున్నా పెట్టి చూసుకో అని.

"నిన్న ఇంటికెళ్లి సూసుకున్నాను. మార్సీసాను," అంది.

మరి నాకెందుకు చెప్పలేదని నిలదీశాను.

"సెప్తే నువ్వు ఇంటావేటి?"

ఆ మాటలో వెటకారం లేదు. ఉంటే తిరగబడి ఉందును. నిజంగానే అడిగింది.  పరీక్షలో ఆ లెక్క ఇద్దరం సరిగ్గానే చేశాం. వేరే లెక్కలో నేను తప్పాను. టెక్కలికి అదే వెళ్లింది. అది టెక్కలి వెళ్లిన రోజు, నా ఒట్టు గట్టున పెట్టి రైలెక్కి, కిటికీ పక్కన ఒక్కదాన్నే కూర్చుని కుళ్లుకున్నాను.

ఇప్పటికీ నేను వాదించని మనిషి మా ఊళ్లో లేదు. కాకపోతే గొంతు లేచే ముందు ఇటుదొకటి, అటుదొకటి కోసి చూసుకుంటాను. పుచ్చు ఎక్కువసార్లు నా కుప్పలోనే దొరుకుతుంది. మా పెదనాన్న కూతుర్ని ఆ సోమవారం నుంచే అక్కా అని పిలుస్తున్నాను. మరి అసూయ పోయిందా అంటే, ‘ఈ’ పవర్ మైనస్ ఎక్స్ ఎంత దూరం వెళ్లినా తగ్గుతూనే ఉంటుంది గాని సున్నా కాదు. ఇది కూడా కోసి చూసే చెబుతున్నాను.