మినపపిండి కట్టు

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. కూడబలుక్కుని రాయడం వచ్చాక మొదట రాయాలనిపించింది ఈ సంగతే. కోపం చల్లారాక రాయమంది మనవరాలు. చల్లారేదైతే ఈపాటికి చల్లారేది.

మా ఆయన ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు ఫుట్‌బాల్ జట్టులో హాఫ్. వెనకవాళ్ళ దగ్గర బంతి తీసుకుని ముందువాళ్ళకు అందించడం ఆయన పని. గోలు కొట్టినవాణ్ణి భుజాల మీద ఊరేగించేవారు. ఈయన కుంటుకుంటూ ఇంటికొచ్చేవాడు. ఆటగాళ్ళు షాపులో హాజరు వేయించుకుని మైదానానికి పోవచ్చు. ఆడలేకపోతే మర్నాటినుంచి షాపులో సుత్తి పట్టాలి. అందుకే మోకాలు వాచినా ఎవరూ బయటపడేవారు కాదు. మేముండే నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో ఏ ఆటగాడి ఇంటికెళ్ళినా సాయంత్రం ఆముదం వాసనే. జిల్లేడాకుకు ఆముదం రాసి, పెనం మీద వెచ్చచేసి, మోకాలికి వేసి గుడ్డ చుట్టేవాళ్ళం. నొప్పి అణిగేది. తెల్లారి మళ్ళీ పరుగు. నలభై రాకుండానే మా ఆయన కాలు మడత పడడం మానేసింది. పీట మీద కూర్చుని అన్నం తినలేడు. అప్పుడు సాహెబులు ఆయన్ని కోచ్‌ని చేశారు.

కోచ్ అయ్యాక, అదే షాపులో పనిచేసే మా తమ్ముణ్ణి తన చోటులో హాఫ్‌గా పెట్టాడు. ఒక ఫైనల్ ముందు రోజు వాడు ఆయన భుజం పట్టుకుని ఒంటికాలి మీద మా ఇంటికొచ్చాడు.

“ఆకు ఎచ్చసెయ్యే. రేపు ఈడు ఆడాలి,” అన్నాడు మా ఆయన.

“ఆడి మోకాలు సూసినావా? గుమ్మడికాయలాగుంది.”

“నాకు కట్టలేదేటి? నాను ఆడలేదేటి?”

“ఆడినావు. ఏదీ, ఓపాలి మోకాళ్ళు మడిసి గొంతుక్కూకో, సూద్దాం.”

మధ్యలో తమ్ముడు అందుకున్నాడు. “కట్టేయే అక్కా. ఆడకపోతే నన్ను సుత్తికాడికి తోలేత్తారు.”

“సుత్తి కొట్టడానికైనా కాలుండాలి కదరా.”

“నీకేటి తెల్సు ఆట,” అని మా ఆయన జట్టువాళ్ళ దగ్గరకు వెళ్ళిపోయాడు.

మినపపిండిలో కోడిగుడ్ల తెల్లసొన కలిపాను. పాత చేట విప్పి వెదురుబద్దలు తీశాను. మా ఊళ్ళో విరిగిన కాళ్ళకు వేసే కట్టు అది.

“ఆకు కాదేటే?” అన్నాడు తమ్ముడు.

“ఇది ఇంకా బాగా పట్టుద్ది.”

పట్టింది. తెల్లారేసరికి రాయి. మా ఆయన వేలితో కొట్టి చూసి, కట్టు కోద్దామని కత్తిపీట తీశాడు. అది తగలగానే తమ్ముడు కెవ్వుమన్నాడు. ఆయన కత్తిపీట కింద పెట్టేశాడు.

“జట్టంతా నన్ను సూసి నవ్వుద్ది,” అన్నాడు మా ఆయన.

“నవ్వనీ. నీ కాలు సూసి ఏడిసినోళ్ళు ఆళ్ళలో ఎవులైనా ఉన్నారేటి?”

జట్టు ఓడిపోయింది. సాయంత్రం ఆయన వచ్చి, మంచం మీద కాలు చాపి, “ఆకు,” అన్నాడు. అన్నం దించి, పొయ్యిలో నీళ్ళు పోసేశాను.

తమ్ముణ్ణి జట్టులోంచి తీసేసి సుత్తి పని ఇచ్చారు. రిటైరయ్యేదాకా అదే కొట్టాడు. “నా ఆట తీసేసింది మా అక్క,” అని ఇప్పటికీ అందరితో అంటాడు. మా గుమ్మంలో గొంతుక్కూర్చుని, చుట్ట కాల్చుకుంటూ అంటాడు.