పాండురంగయ్య గారి ఎదురుపక్షం

పటమట చేనేత వీధిలో ఎవరేమన్నా పాండురంగయ్య గారు ముందు కాదనేవారు. లండన్ పార్లమెంటులో ఎదురుపక్షం అనేదొకటుందనీ, దాని నాయకుడికి కాదన్నందుకే జీతమిస్తారనీ పత్రికలో చదివిన నాటినుంచి ఆయనకీ జబ్బు పట్టుకుంది. జీతం లేకుండానే ఆ కొలువు చేసేవారు.

భార్య వెంకటరావమ్మ గారికి ఇది రెండుపూటలా అనుభవం.

"పొట్లకాయ కూర చేశానండి."

"వ్యతిరేకిస్తున్నాను."

"అయితే పచ్చడితో తినండి."

"వ్యతిరేకించడం ధర్మం. తినడం ఆకలి. వడ్డించు."

నలభై అయిదులో అక్కడ లేబర్ పార్టీ గెలిచింది. ఇన్నాళ్లూ దాన్ని వెనకేసుకొచ్చిన మనిషి దిగాలుగా కూర్చున్నారు.

"గెలిచినవాళ్లకి నాతో ఏం పనే? ఓడినవాళ్లు పాపం, అలవాటు లేనివాళ్లు," అంటూ సాయంత్రానికల్లా అటు మారిపోయారు. ఆ మాట వెంకటరావమ్మ గారికి కాలవ మీది గాలిలా మెత్తగా తగిలింది.

ఆ ఏడు నూలుకి కంట్రోలు. వచ్చిన కాస్తా మగ్గానికింతని పంచడానికి వీధి పెద్దలు ఆయన నట్టింట్లో కూర్చున్నారు. ఎదురింటి రాఘవమ్మ భర్త పోయాక తనే మగ్గంలో దిగి నేస్తోంది. ఆడవాళ్లు కండెలకి నూలు చుట్టడమే గాని, నేయడం ఆ వీధి ఎరగదు.

"మగాడు లేని మగ్గానికి నూలేమిటి? ఆ వాటా ఆపేద్దాం," అన్నాడు వీధి పెద్ద ఆదిశేషయ్య. తలలన్నీ ఊగాయి. ఆ నూలాగితే ఎదురింట పొయ్యి వెలగదని తలుపు చాటునున్న వెంకటరావమ్మ గారికి తెలుసు.

"వ్యతిరేకిస్తున్నాను," అన్నారు పాండురంగయ్య గారు.

"నువ్వెప్పుడు ఒప్పుకున్నావు గనక, బావా?" అన్నాడు ఆదిశేషయ్య. అందరూ నవ్వారు.

"అయితే ఓటు పెట్టండి. లండన్లో లేచి నడుస్తారు, ఔనన్నవాళ్లొక గుమ్మం, కాదన్నవాళ్లొక గుమ్మం. నూలు ఆపాలనేవాళ్లు వీధి గుమ్మంలోంచి వెళ్లండి. ఇవ్వాలనేవాళ్లు పెరటిదారి."

"ఇంతేగా, నీ లండను తగలెయ్య," అంటూ ఆదిశేషయ్య వీధి గుమ్మం దాకా వెళ్లాడు.

ఎదురింటి తలుపు తీసే ఉంది. మగ్గం చప్పుడాగింది. రాఘవమ్మ కొంగు సర్దుకుని లేచింది.

"ఎండలో బయల్దేరారేం అన్నయ్యా? కాసిని మజ్జిగ పుచ్చుకుంటారా?"

ఆదిశేషయ్య దగ్గాడు. కాళ్ల ముందున్న తన చెప్పులకేసి చూసి, "చెప్పులు పెరట్లో విడిచినట్టున్నాను," అని వెనక్కి తిరిగాడు. ఉన్నట్టుండి అందరికీ తమ చెప్పులూ పెరట్లోనే ఉన్నట్టు గుర్తొచ్చింది.

పెరటిదారినే ఇల్లు ఖాళీ అయింది. వెంకటరావమ్మ గారు బయటికొచ్చారు.

"ఏ గుమ్మం దేనికో కూడా పత్రికలో వేశారా అండీ?"

"వాళ్లకేం తెలుసే మన గుమ్మాల సంగతి? ముందా చెప్పులు పట్టుకెళ్లి ఇవ్వు. పెరటి నిండా పల్లేరుకాయలు."