రెండు చలికాలాలు మోసిన పీతలు

ఓడను తూచే కాటా ఎక్కడా ఉండదు. ఖాళీగా వచ్చినప్పుడు ఎంత మునిగి ఉంది, సరుకు ఎక్కాక ఎంత మునిగింది అన్నది ఓడ పక్కన గీసిన అంకెల్లో చదివి, ఆ తేడాను బట్టి లోపలికి ఎన్ని టన్నుల ఖనిజం వెళ్ళిందో తేలుస్తాం. విశాఖ పోర్టులో నా పని అది. ఇంటర్ దగ్గర చదువు ఆగిపోయినవాడిని. గుమాస్తాగా చేరి, ఎవరో వదిలేసిన పాత పట్టికల పుస్తకాలు ముందేసుకుని, తప్పులు చేసి చీవాట్లు తిని ఈ లెక్క నేర్చుకున్నాను.

అందుకే మా చెల్లెలి కూతురు ఓ ఆదివారం చర్చి నుంచి నేరుగా వన్ టౌన్‌లోని మా ఇంటికి వచ్చి, చెప్పులు విడుస్తూనే, "మావయ్యా, లెక్కపెట్టకుండా లెక్క చెప్పడం నీకే గదా వచ్చు. నా పీతల గుడ్లెన్నో చెప్పు" అంది.

ఆ పిల్ల యూనివర్సిటీలో పీతల మీద పరిశోధన చేస్తోంది. మన రేవు పీతల మీద కాదు, ఉత్తరాన మంచు కట్టే సముద్రాల్లో బతికే పొడుగు కాళ్ళ పీతల మీద. వాళ్ళ గైడు మేడంకు తెలిసినవారెవరో అక్కడి ఓడలో పనిచేస్తూ, పన్నెండు తల్లి పీతలను చెడిపోకుండా మందునీళ్ళ సీసాల్లో పెట్టి పంపారు. పన్నెండే. మళ్ళీ అడిగితే పంపే వీల్లేదు. పన్నెండూ ఒకే రోజు, ఒకే వలలో పడ్డవి. మూడు నెలల్లో థీసిస్ ఇవ్వాలి. అందులో ఒక అధ్యాయం మొత్తం ఈ పన్నెండింటి మీదే నిలబడి ఉంది.

వారం తిరక్కుండా వాళ్ళ ల్యాబుకు వెళ్ళాను. మందునీళ్ళలో రంగు వెలిసిపోయి, ఎండుగడ్డి రంగుకు వచ్చిన పీతలు. ఒకదాన్ని పళ్ళెంలో వెల్లకిలా పెట్టి చూపించింది. మగపీతకు పొట్ట కింద మడత సన్నగా ఉంటుందని, ఆడదానికి వెడల్పుగా ఉంటుందని మన ఊళ్ళో పీతలు కొనే ప్రతివాడికీ తెలుసు. దీనికది చిన్న గిన్నెంత లోతుగా ఉంది. గిన్నె నిండా గుడ్లు.

ఆ రోజు నేను లెక్క మొదలుపెట్టలేదు, వింటూ కూర్చున్నాను. ఈ ఆడపీత ఆఖరిసారి పెంకు విడిచి మెత్తగా ఉన్నప్పుడు మగపీత దాని కాళ్ళు పట్టుకుని రోజుల తరబడి కాపలా కాస్తుందట. వేరే మగవాటిని దగ్గరకు రానివ్వదట. అప్పుడు అందిన బీజాన్ని తల్లి ఒంట్లోని చిన్న సంచిలో దాచుకుంటుంది. తర్వాతి కాన్పుకు మగతోడు దొరక్కపోయినా ఆ నిల్వలోంచే వాడుకోగలదు. గుడ్లను మడత కింది సన్నని వెంట్రుకలకు అతికించుకుని, మడతను ఆడిస్తూ వాటికి కొత్త నీరు తగిలేలా చూస్తుంది.

"ఎన్నాళ్ళు మోస్తుంది?" అని అడిగాను. నాకు అంకె లేని కథ మింగుడుపడదు.

మన రేవు పీత గుడ్లు పది రోజులకు అటూ ఇటూగా పిల్లలైపోతాయి. అక్కడ నీళ్ళు గడ్డకట్టడానికి కాస్త ఇవతలే ఉంటాయి కాబట్టి ఏడాది పడుతుందని చెప్పింది. ఇంకొక్క డిగ్రీ చల్లగా ఉన్న చోటయితే రెండేళ్ళు. అవే గుడ్లు, అదే తల్లి, రెండు చలికాలాలు. నీటి బరువు చూసే నా పట్టికల్లో ఉష్ణోగ్రతకూ ఒక గడి ఉంది. ఒక డిగ్రీ తేడాకు దశాంశం తర్వాత నాలుగో స్థానంలో ఎక్కడో ఓ అంకె కదులుతుంది. అక్కడ ఆ ఒక్క డిగ్రీ ఒక తల్లి బతుకులో ఏడాదిని కదిలిస్తోంది.

ఆ పన్నెండూ రెండేళ్ళు పట్టే చల్లటి చోట పడ్డవే, అందుకే వాటిలో రెండు రకాలున్నాయి. ఆరింటి గుడ్లు లేతవి. మిగతా ఆరింటి గుడ్లలో సూక్ష్మదర్శిని కింద పిల్లల కళ్ళు నల్లటి చుక్కల్లా కనిపిస్తాయి. మొదటి ఏడాది మోస్తున్న తల్లులూ రెండో ఏడాది మోస్తున్న తల్లులూ ఒకే నేల మీద పక్కపక్కన తిరుగుతున్నారన్నమాట. ఇన్నాళ్ళ మోతలో గుడ్లు కొన్ని రాలిపోతాయి, చెడిపోతాయి. పెరగడమంటూ ఉండదు. రెండో ఏటికి ఎన్ని మిగిలాయన్నదే అధ్యాయం. దానికే నా లెక్క కావలసివచ్చింది.

లెక్క తేలికే అనుకున్నాను. గుడ్ల గుత్తి మొత్తం తూచాలి. అందులో చిటికెడు తీసి, రెండొందల గుడ్లు సూదితో లెక్కపెట్టి తూచాలి. దాన్ని బట్టి ఒక్క గుడ్డు బరువు, దాంతో భాగిస్తే మొత్తం గుడ్లు. లేత గుడ్ల పీతలు మూడింటి దగ్గర రెండొందల చొప్పున లెక్కపెట్టాను. మూడు చోట్లా గుడ్డు బరువు దాదాపు ఒకటే వచ్చింది. ఖనిజం కుప్పలోనైతే మూడు నమూనాలు ఒకేలా వస్తే నాలుగోది తీయం. ఆ సగటునే పన్నెండింటికీ వాడి, కాగితం ఆ పిల్ల చేతికిచ్చాను. రెండు సాయంత్రాల్లో తేల్చానని కొంచెం గర్వం కూడా.

నాలుగు రోజుల తర్వాత ఆ పిల్ల ఫోను చేసింది. నా లెక్క ప్రకారం, ఒకే కొలత పెంకులున్న పీతల్లో, లేత గుడ్ల తల్లికి వంద ఉంటే కళ్ళు వచ్చిన గుడ్ల తల్లికి నూట పది ఉన్నాయి. రెండో ఏటికి గుడ్లు పెరిగాయన్నమాట. అది జరిగే పని కాదు. మేడం ఆ కాగితం చూసి, పీతలను కొత్త సీసాల్లోకి మార్చింది ఎవరని అడిగారట. పాత మూతలు కారుతున్నాయని మార్చింది మా అమ్మాయే, నా మేనకోడలే. పెంకు కొలతలు రాసిన చీటీలు అప్పుడు తారుమారయ్యాయని మేడం అనుమానం.

"చీటీలు నేను మార్చలేదు మావయ్యా. ఒక్కోటే తీసి ఒక్కోటే పెట్టాను. కానీ అదెలా చూపించను? మేడం తిట్టలేదు. ఆ అధ్యాయం తీసేద్దాంలే అన్నారు, అంతే."

తిట్టకపోవడమే ఆ పిల్లకు ఎక్కువ నొప్పిగా ఉందని తెలుస్తూనే ఉంది. మూడేళ్ళుగా ఆవిడ దగ్గర సంపాదించుకున్న నమ్మకం అది. నేను నా భాగహారాలన్నీ మళ్ళీ చేశాను. ఒక్కటీ తప్పు లేదు. అంకెలు తప్పు కాకపోతే పిల్లదే తప్పనాలి. నా మనసు ఒప్పుకోలేదు కానీ, మనసు ఒప్పుకోకపోవడం లెక్కలోకి రాదు.

మర్నాడు పొద్దున్నే ఫిషింగ్ హార్బరుకు వెళ్ళాను. అక్కడ పీతలమ్మే ఒక పెద్దావిడ దగ్గర ఇరవై ఏళ్ళుగా కొంటున్నాను. మా వైపు అక్కను పిలిచినట్టు అప్పా అని పిలుస్తాను. ఆవిడ బుట్టలో గుడ్డు పీతలు రెండున్నాయి. ఒకదాని గుడ్లు పసుపు, ఇంకోదానివి నలుపు. రెండూ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పుతుంటే ఆవిడ నవ్వింది.

"ఏటి తమ్ముడూ, అలగ తిరగేసి మరగేసి సూత్తన్నావు? పెళ్ళిసూపులేటి?"

మా మేనకోడలికి వచ్చిన కష్టం చెప్పాను. చలి సముద్రమనీ, రెండేళ్ళ మోత అనీ చెబుతుంటే ఆవిడ మొహం మారింది. రెండేళ్ళు మోస్తాదా అని రెండుసార్లు అడిగింది. ముగ్గురు పిల్లల తల్లి. ఆ లెక్క ఆవిడ నాకన్నా తొందరగా అందుకుంది. తర్వాత నా చేతిలోంచి పీతలు తీసుకుని, రెండింటినీ వెల్లకిలా పక్కపక్కన పెట్టింది.

"ఇది కొత్త గుడ్డు. మడత కింద ఇమిడిపోనాది. ఇది నల్లబడ్డాది, సూడు, మడతని ఎలగ పైకి తోసేసిందో. గుడ్లెక్కువైపోనాయా? కాదు. లోపల పిల్ల పెరిగినకొద్దీ గుడ్డు నీరు తాగి ఉబ్బుతాది. లెక్కలోడివి, నీకీపాటి తెల్దేటి?"

తెలియలేదు. ఇరవై ఆరేళ్ళుగా ఏ ఓడ దగ్గరకు వెళ్ళినా ముందు బకెట్టు తాడు కట్టి రేవు నీళ్ళు తోడి, అవి ఎంత బరువైనవో చూస్తాను. వానాకాలంలో మంచినీరు కలిసి రేవు నీళ్ళు పలచబడతాయి, ఓడ ఇంకాస్త మునుగుతుంది. ఆ సంగతి లెక్కలో సర్దకపోతే లేని సరుకు ఉన్నట్టు వస్తుంది. ఆ తప్పు చేసిన కుర్ర సర్వేయర్లను నేనే ఎన్నిసార్లు మందలించానో. అలాంటివాడిని, గుడ్డులో చేరిన నీటిని సరుకుగా లెక్కేశాను. లేని గుడ్లు ఉన్నట్టు చూపింది నేను. నింద పడింది పిల్ల మీద.

పసుపు పీతను కొన్నాను. నల్ల గుడ్ల పీతను ఆవిడ అమ్మలేదు. అది ఇవాళో రేపో పిల్లల్ని విడుస్తాదని తడి గోనె కింద వేరే పెట్టింది. దాన్ని జెట్టీ చివరికి తీసుకెళ్ళి వదిలేస్తుందని తెలుసు.

ఆ సాయంత్రమే ల్యాబుకు వెళ్ళి, ఈసారి పన్నెండింటికీ విడివిడిగా, ఒక్కోదానికి రెండొందల చొప్పున లెక్కపెట్టాను. నాలుగు సాయంత్రాలు పట్టింది. మా అమ్మాయి పక్కన కూర్చుని తూకాలు రాసింది. కళ్ళు వచ్చిన గుడ్డు, లేత గుడ్డు కన్నా పదింట మూడు వంతులు ఎక్కువ బరువుంది. నూట పదిని ఒకటీ పాయింట్ మూడుతో భాగిస్తే ఎనభై అయిదు. వందలో పదిహేను రాలిపోయాయి. లేత గుడ్లవి ఆరూ, కళ్ళు వచ్చిన గుడ్లవి ఆరూ వేరువేరుగా పేర్చి చూస్తే, పెంకు వెడల్పు పెరిగినకొద్దీ గుడ్లూ వరస తప్పకుండా పెరుగుతూ వచ్చాయి. చీటీ ఒక్కటి అటూ ఇటూ అయినా ఆ వరస చెదిరేది.

రెండు చలికాలాలు, చీకటి నీళ్ళలో, తన ఒంటినే ఊయల చేసుకుని, వందలో ఎనభై అయిదింటిని చివరిదాకా తెచ్చింది ఆ తల్లి. మా పోర్టులో ఇన్ని చేతులు, ఇన్ని యంత్రాలు పెట్టుకుని, గని నుంచి ఓడ దాకా ఖనిజం తెచ్చేసరికి దారిలో ఎంత రాలిపోతుందో నాకు తెలుసు.

మర్నాడు మా అమ్మాయి కొత్త కాగితం రాసి మేడంకు ఇద్దామంది. నేను వద్దన్నాను. ఓడ మీద లెక్క తప్పితే కాగితం చింపం, చెరపం. పాత అంకె మీద ఒకే ఒక్క గీత గీస్తాం, కింద అంకె చదవడానికి వీలుగా ఉండాలి. పక్కన సరైన అంకె, దాని పక్కన తప్పు చేసినవాడి సంతకం. పాత కాగితం మీదే అలా చేసి, ఆ పిల్లతో కలిసి మేడం గదికి నేనే వెళ్ళాను.

తప్పు నాదనీ, ఎక్కడ చేశానో, ఎలా తెలిసిందో చెప్పాను. పీతలమ్మే అప్ప మాట కూడా చెప్పాను. మేడం కాగితంలోని వరసలన్నీ చదివారు. తర్వాత మా అమ్మాయితో, ఏడో నంబరు సీసా తెమ్మన్నారు. నేను పక్కన తీసి ఉంచిన ఏడో పీత రెండొందల గుడ్ల చిటికెడును సూక్ష్మదర్శిని కింద పెట్టుకుని, సూది తీసుకుని, ఆవిడే లెక్క మొదలుపెట్టారు. మేమిద్దరం నిలబడే ఉన్నాం. అరగంట దాటింది.

"నూట తొంభై తొమ్మిది" అన్నారు తలెత్తి.

నేను కూర్చుని మళ్ళీ లెక్కపెట్టాను. ఒక గుడ్డు పొర చిరిగి రెండుగా ఉంటే, రెండు ముక్కలనూ నేను రెండు గుడ్లుగా వేశాను. ఆవిడదే సరి. ఏడో వరస మీద ఇంకో గీత గీసి, అంకె మార్చి, మళ్ళీ సంతకం పెట్టాను. మేడం కళ్ళజోడు సర్దుకుని నా సంతకం కింద తన సంతకం పెట్టి, కాగితం మా అమ్మాయి వైపు జరిపారు.

"కొట్టేసిన అంకెలు కూడా అధ్యాయంలో రాయి. ఎందుకు కొట్టేశామో కూడా రాయి. నీ చీటీలను అనుమానించానని నేను ముందుమాటలో రాసుకుంటాను."

మా అమ్మాయి సరేనండి అంది. సీసా మూత బిగించి, ఏడో నంబరు చీటీ ఇటువైపు కనబడేలా తిప్పి, రెండు చేతులతో పట్టుకుని తీసుకెళ్ళింది.