స్వరూపను వెనక్కి తేవడానికి బొల్లారం వెళ్ళిన ఆదివారం

ధ్యానం చేయడానికి నేను బొల్లారం వెళ్ళలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ధ్యానం మీద నా అభిప్రాయం ఈ బ్లాగు చదివేవాళ్ళలో చాలామందికి తెలుసు. మనిషి చేత పన్నెండు గంటలు పని చేయించుకుని, పదమూడో గంటలో కళ్ళు మూసుకుని ప్రశాంతంగా ఉండమనే ఆఫీసుల గురించి నేను రాసినవాటిలో ఒక్క అక్షరం కూడా వెనక్కి తీసుకోను. నేను వెళ్ళింది ఒక మనిషి కోసం. ఆమె పేరు స్వరూప. నాలుగేళ్ళ కిందట ఆమె భర్త ఒక ఫంక్షన్ హాలు సెప్టిక్ ట్యాంకులో దిగి, ఊపిరాడక చనిపోయాడు. ఎవరూ దిగమనలేదు, తనంతట తానే దిగాడని కాంట్రాక్టరు వాదన. ఆ పొద్దున సూపర్‌వైజరు ఫోన్ చేసి పనికి పిలిచాడని, ఆ ఫోన్ ఎత్తింది తానేనని స్వరూప చెబుతుంది. కేసు మొత్తం ఆ ఒక్క ఫోన్ మీదే నిలబడి ఉంది. ఆమె తరఫున మేం కొందరం కమిటీ వేశాం, ధర్నాలు చేశాం, ప్రతి సభలోనూ ఆమె పక్కన నేను నిలబడ్డాను. ఏడు నెలల కిందట స్వరూప సభలకు రావడం మానేసింది. తర్వాత నా ఫోన్లు ఎత్తడం మానేసింది. బొల్లారం అవతల ఒక చిన్న బౌద్ధ ధ్యాన కేంద్రంలో వంట చేస్తోందని, అక్కడే కూర్చుని ధ్యానం కూడా చేస్తోందని ఎవరో చెప్పారు. మంగళవారం ఆమె కోర్టులో సాక్ష్యం చెప్పాలి. చెప్పకపోతే ఆ మనిషి తన చావు తానే తెచ్చుకున్నట్టు కాగితం మీద ఖాయమైపోతుంది.

ఊపిరాడక చనిపోయినవాడి భార్యను కూర్చోబెట్టి ఊపిరిని గమనించమంటున్నారు. శనివారం ఈ మాటే అనుకుంటూ పడుకున్నాను, ఆదివారం ఇదే అనుకుంటూ లేచాను.

మౌలాలిలో మా ఇంటి నుంచి ఆరూ ముప్పావుకు బయలుదేరాను. సికింద్రాబాద్ స్టేషన్ దాకా సిటీ బస్సు, ఇరవై రూపాయలు, ఆదివారం పొద్దున కాబట్టి పాతిక నిమిషాలే పట్టింది. స్టేషన్ ఎదురుగా ఒక చాయ్ తాగి, ఏడున్నరకు బొల్లారం బస్సెక్కాను. ముప్పై రూపాయల టికెట్. బస్సు నిండా ఆడవాళ్ళే, పనులకు పోయేవాళ్ళు, జీరో టికెట్లు చేతుల్లో పట్టుకుని నవ్వుకుంటూ ఉన్నారు. ఆడవాళ్ళకు ఉచిత బస్సు ఎందుకని అడిగే మహానుభావులు ఒక్కసారి ఈ వేళకు ఈ బస్సెక్కి చూడాలి. జూబ్లీ బస్ స్టేషన్ దాటి కార్ఖానా దగ్గర బస్సు ఆగినప్పుడు ఒక పెద్ద ఫ్లెక్సీ కనిపించింది. ఏదో రిసార్టులో రెండు రోజుల మనశ్శాంతి శిబిరం, 'అన్నీ వదిలేయండి' అని బంగారు అక్షరాలు. నాకు ఒళ్ళు మండింది. మన దగ్గర వదిలేయమనే మాట ఎప్పుడూ కిందివాడికే చెబుతారు. భూమి వదిలేయ్, కూలి వదిలేయ్, పోయినవాడి సంగతి వదిలేయ్ అంటారు. గేటు లోపల ఉన్నవాడితో, ఆ గేటు వదిలేయవయ్యా అని ఏ గురువూ అన్నట్టు నేను వినలేదు.

తిరుమలగిరి, లోతుకుంట, అల్వాల్ మీదుగా బొల్లారం చేరేసరికి ఎనిమిదీ ఇరవై అయింది. అక్కడి నుంచి కేంద్రానికి బస్సు లేదు, ఆటోకు అరవై ఇచ్చాను. ఆటో నడిపే జానీ గారికి చోటు పేరు చెప్పక్కర్లేకపోయింది.

"ఆదివారం పొద్దుగాల ఈ దిక్కు వస్తున్నరంటే ఆడికే కదా సార్," అన్నాడు. "పొయ్యేటప్పుడు అందరు మస్తు మాట్లాడ్తరు. వచ్చేటప్పుడు ఒక్కలు మాట్లాడరు. నాకైతే పొయ్యేటప్పుడే మంచిగనిపిస్తది, టైంపాస్ అయితది."

నేను ఆయన అంచనాను నిలబెట్టాను. దారి పొడుగునా ఆశ్రమాల మీద, బాబాల మీద చెబుతూనే ఉన్నాను. దిగేటప్పుడు జానీ గారు చిల్లర ఇస్తూ, "ఒక్క మాట సార్. మీరు కండ్లు మూసుకోనీకి వచ్చిన్రా, లొల్లి పెట్టుకోనీకి వచ్చిన్రా?" అని అడిగాడు. రెండోదేనన్నాను. "అయితే జెర తిన్నంక పెట్టుకోండి. పప్పు మంచిగుంటది," అని ఆటో తిప్పుకుని వెళ్ళిపోయాడు.

నేను ఊహించుకున్నది పాలరాయి, ఏసీ, పుస్తకాల కౌంటరు. ఉన్నది రెండు వేపచెట్ల మధ్య పాత పెంకుటిల్లు, దాని పక్కన ఒక రేకుల షెడ్డు. షెడ్డులో చాపలు, చివర ఒక చిన్న బుద్ధుడి విగ్రహం, ముందు ఒక గ్లాసులో నాలుగు నందివర్ధనం పూలు. ప్రవేశ రుసుము లేదు. గుమ్మం పక్కన ఒక డబ్బా ఉంది, అందులో వేశామో లేదో చూసేవాళ్ళు లేరు. నలభై మంది దాకా వచ్చారు. సగం మంది పనివాళ్ళని చేతులు చూస్తే తెలుస్తుంది. కేంద్రం నడిపేది రాజమణి గారు, డెబ్బై దాటిన రిటైర్డ్ నర్సు. స్వరూప ఉందా అని అడిగాను.

"ఉంది, వంటింట్ల. కని పదకొండున్నర దాంక ఈడ ఎవ్వరు మాట్లాడరు. మీరు సుత."

"నేను ధ్యానానికి రాలేదమ్మా."

"మంచిది. ధ్యానానికని వచ్చినోళ్ళకు సుత అది వస్తలేదు. కూసోండి."

తొమ్మిదింటికి మొదలైంది. ఆవిడ చెప్పిన విధానం వార్డులో రోగికి చెప్పినట్టే ఉంది. ఊపిరి తీసుకుంటున్నప్పుడు తీసుకుంటున్నానని తెలుసుకోవాలి, వదులుతున్నప్పుడు వదులుతున్నానని తెలుసుకోవాలి, అంతకుమించి ఏమీ లేదు. "నలభై ఏండ్లు దవాఖానల చూసిన. తీసుకునుడు అందరు చేస్తరు. వదులుడు కాడనే పరేషానైతరు," అని చెప్పి తను కూడా కూర్చుంది. నాకు పది నిమిషాలకే మోకాళ్ళు పట్టేశాయి. ఊపిరిని చూడాల్సిన ఆ రెండున్నర గంటల్లో మనసులో మూడు వ్యాసాలు రాశాను, రెండింటికి శీర్షికలు కూడా కుదిరాయి. ఒక వింత మాత్రం గమనించాను. మూడు వ్యాసాల్లోనూ స్వరూప ఏడుస్తూనే ఉంది. నేను ఎక్కడ మొదలుపెట్టినా ఆమె ఏడుపు దగ్గరికే వచ్చి ఆగుతున్నాను. ఎందుకో అర్థం కాలేదు. మళ్ళీ ఊపిరికి వచ్చాను, మళ్ళీ వ్యాసంలోకి పోయాను.

పదకొండున్నరకు గంట కొట్టారు. అన్నం కోసం వరుసలో నిలబడి, వడ్డిస్తున్న రాజమణి గారితో గొడవ షురూ చేశాను. కోపం లేకపోతే ఈ దేశంలో ఏ పేదవాడికీ ఏదీ దక్కలేదని, అన్యాయం జరిగినవాళ్ళకు కోపం వదిలేయమని నేర్పడం ఇంకో అన్యాయమని అన్నాను. నా వెనక ఉన్నవాళ్ళు పళ్ళేలతో ఓపికగా ఆగారు.

"కోపం పారెయ్యిమని మేం చెప్పం సార్. కోపముందని తెల్సుకో అంటం."

"తెలుసుకుని?"

"తెల్సుకుని పని చూసుకో అంటం."

"ఏం పని? వంట పనా?"

ఆవిడకు కోపం రాలేదు. చేతిలోని గరిటెతో వంటింటి గోడ చూపించింది. "ఆమె పని ఏందో ఆడ రాసుంది. సదువుకోండి."

గోడకు ఒక క్యాలెండరు వేలాడుతోంది. మంగళవారం గడిలో బాల్‌పెన్నుతో రాసి ఉంది. 'స్వరూప కోర్టు. వంట రాజమణి.' దాని ముందు వారం గడిలో, 'స్వరూప వకీల్ కాడికి.' అంతకు ముందు వారంలో కూడా అదే. నాకు ఇది తెలియకపోవడానికి కారణం ఉంది. కేసు చూస్తున్న వకీలు మేడంతో పోట్లాడి నాకు నాలుగు నెలలైంది.

స్వరూప పొయ్యి దగ్గర నుంచి ఇటు తిరిగి, "తిను ముందు అన్నా, చల్లారుతది," అంది, రోజూ చూసే మనిషితో అన్నట్టు. టమాట పప్పు, పచ్చిపులుసు. జానీ గారు చెప్పింది నిజమే. తిన్నాక ఆమె పెరట్లో పంపు దగ్గర గిన్నెలు ముందేసుకుని కూర్చుంటే, నేనూ ఒక గుండిగ తోముతూ పక్కన కూర్చున్నాను.

"కోర్టుకు వస్తున్నావని నాకొక మాట చెప్పొచ్చు కదా స్వరూపా. నేనేమనుకున్నానో తెలుసా?"

"తెల్సు. గ్రూపుల రాసినవ్ కదా, స్వరూప అమ్ముడుపోయిందని. గ్రూపుల నేను సుత ఉన్న అన్నా." పీచుతో గిన్నె తిప్పుతూనే ఉంది. "ఎంతకు అమ్ముడుపోయిన్నో అది సుత రాయకపోతివి. మా పిల్లలన్న సంబరపడుదురు."

ఆ మాట నేను పదిహేను రోజుల కిందట కమిటీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అరవై మంది చదివారు. నలుగురు బొటనవేలు గుర్తు పెట్టారు.

"ఫోన్ ఎత్తి తిట్టాల్సింది," అన్నాను.

"ఫోన్ ఎత్తితే ఏమంటవ్? రేపు సభుంది రా అంటవ్. వచ్చినంక మైకిస్తవ్. నేను నాలుగు ముచ్చట్లు చెప్పంగనే చెయ్యి తట్టి, పిల్లల గురించి చెప్పు అంటవ్. పిల్లల గురించి చెప్తే నాకు ఏడ్పొస్తది. నేను ఏడ్వంగనే మైకు నువ్వు తీసుకుంటవ్. ఆ ఫోన్ ఏ టైంకొచ్చింది, వాడు ఏమన్నడు, నాలుగేండ్లల్ల ఒక్క సభలనన్న నన్ను నిమ్మలంగ చెప్పనిచ్చినవా?"

ఇవ్వలేదు. ఒక్క సభలో కూడా ఇవ్వలేదు. ఆమె కన్నీళ్ళు వచ్చే చోట జనం కదులుతారని నాకు తెలుసు, అందుకే అక్కడికే తీసుకెళ్ళేవాణ్ణి.

నేను పొద్దున్నుంచీ మోసుకొచ్చిన ప్రశ్న అడిగాను. ఆయన అలా పోయాక, ఇక్కడ కూర్చుని ఊపిరిని చూడటం ఎలా కుదిరింది?

"మొదట్ల కుదర్లే. కండ్లు మూసుకుంటే ఊపిరి బిగపడ్తుంటి. లోపల ఆయన ఎంతసేపు బిగపట్టిండో, నేను అంతసేపు పట్టాలె అని. కండ్లల్ల చుక్కలు వచ్చేటియి. మూడు నెలలు గట్లనే. రాజమణమ్మ ఏమనకుండ పక్కన కూసునేది. ఒకరోజు వీపు మీద చెయ్యేసి, ఆయనది నువ్వు పట్టలేవు బిడ్డా, నీది నువ్వు వదులు, అన్నది. వదిలిన." గిన్నె బోర్లించింది. "వదిల్తె ఇంకోటి దానంతట అదే వచ్చింది. గంతే అన్నా. పెద్ద ముచ్చటేం లేదు."

"మరి ఆయన్ని..."

"ఆయనను ఎందుకు వదుల్త? కేసు సుత వదల్లే. మంది ముందట ఏడ్సుడు వదిలిన."

నేను లేచి నేరుగా రాజమణి గారి దగ్గరికి వెళ్ళాను. పొద్దున వచ్చినవాళ్ళందరి ఫోన్లూ ఒక గుడ్డ సంచిలో వేయించుకుని బీరువాలో పెట్టారు. గ్రూపులో నేను రాసింది తప్పని వెంటనే రాయాలి, నా ఫోన్ ఇవ్వమన్నాను. ఆవిడ గడియారం చూసింది. "నాలుగింటికి," అంది. ఒకరి పరువుకు సంబంధించిన విషయమన్నాను. "పదిహేను దినాలు ఆగింది కదా సార్. నాలుగింటి దాంక సుత ఆగుతది. మీరు ఆగుతరా, అది చూసుకోండి."

ఒంటిగంట నుంచి నాలుగు దాకా, మధ్యలో రెండుసార్లు పది నిమిషాల నడక తప్ప, ఆ చాప మీద కూర్చున్నాను. నా జీవితంలో అంత పొడుగు మధ్యాహ్నం లేదు. వ్యాసాలు రాలేదు. నేను రాసిన ఆ ఒక్క వాక్యమే వచ్చింది, దాని వెనక దానికి జవాబులు, నా తరఫు వకాల్తా, పరిస్థితులు, ఉద్దేశాలు. ఒక్కొక్కటీ వచ్చి కొంతసేపు అరిచి పోయింది. పట్టుకోకపోతే పోతాయని పుస్తకాల్లో చదివి వెటకారం చేసినవాణ్ణి నేనే. చివరికి వాక్యం ఒక్కటే మిగిలింది, అది తప్పని మిగిలింది. బరువు తగ్గలేదు. కాని దాన్ని అటూ ఇటూ తిప్పి అందంగా చూపించే పని తప్పింది, ఆ పని ఎంత అలసటో అప్పుడు తెలిసింది. బౌద్ధంలో విముక్తి అంటే లోకం నుంచి పారిపోవడమని ఇన్నేళ్ళు వాదించాను. ఆ రోజు నాకు దక్కింది కనీసం నా లోపలి వకీలు నుంచి కొంత విముక్తి.

నాలుగింటికి ఫోన్ వచ్చింది. అక్కడే నిలబడి రాయడం మొదలుపెట్టాను. ఉద్యమంలో ఆవేశం, అపార్థాల చరిత్ర, ఆత్మవిమర్శ అవసరం అంటూ స్క్రీను నిండిపోయింది. స్వరూప నా భుజం మీదుగా చూసింది. "ఇంత పొడుగెందుకన్నా? ఎవరు సదువుతరు?" అంతా చెరిపేసి, 'స్వరూప గురించి నేను రాసింది అబద్ధం. ఆమె మంగళవారం కోర్టుకు వస్తోంది. నేను తప్పు చేశాను' అని పంపాను. ఈసారి బొటనవేళ్ళు రాలేదు. తిరుగు ప్రయాణంలో జానీ గారి ఆటోలో నేనేమీ మాట్లాడలేదు, ఆయనా అడగలేదు.

మంగళవారం కోర్టులో స్వరూప నన్ను వెనక బెంచీలో కూర్చోమంది, కూర్చున్నాను. అవతలి వకీలు ఆమెను ఏడిపించడానికే వచ్చినట్టున్నాడు. మీ ఆయన తాగుతాడట కదా అన్నాడు, పిల్లల్ని పట్టించుకోడట కదా అన్నాడు. ఆమె భుజాలు ఒకసారి పైకి లేచి, మెల్లగా కిందికి దిగడం వెనక నుంచి చూశాను. ఆ తర్వాత, ఫోన్ ఏ వేళకు వచ్చిందో, సూపర్‌వైజరు ఏ మాట అన్నాడో, తను ఫోన్ భర్త చేతికి ఎలా ఇచ్చిందో, మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. నాలుగేళ్ళలో ఆ కథ మొత్తంగా వినడం నాకదే మొదటిసారి. జడ్జి గారు రాయించారు. తీర్పు ఇంకా రాలేదు, రావాల్సిన తీర్పు కోసం నా కోపం అలాగే ఉంది, ఉంటుంది. ఆఫీసుల్లో అమ్మే ప్రశాంతత మీద కూడా రాస్తూనే ఉంటాను. కాని కన్నీళ్ళ కోసం మైకు పట్టుకున్న మా చేతుల్లో నుంచి, కాంట్రాక్టరు చేతుల్లో నుంచి ఒకేసారి బయటపడిన ఒక మనిషిని చూశాక, ఆ రేకుల షెడ్డుకు దండం పెట్టడానికి నాకు నామోషీ లేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క సూచన. నెలలో రెండో ఆదివారం కొత్తవాళ్ళను రానిస్తారు, తొమ్మిది లోపు చేరండి. ఎవరికైనా మీరు చెప్పాల్సిన క్షమాపణ ఉంటే మాత్రం బొల్లారంలో బస్సు దిగేలోపే చెప్పేయండి. తర్వాత నాలుగింటిదాకా ఫోన్ ఇవ్వరు.