పెంకు తీసిన చోటు

మా చిన్నమ్మ పోయిందన్న కబురు ఆసిఫాబాద్‌కు ఒక లారీ డ్రైవరు తెచ్చాడు. నేను పాఠం చెప్పే బడి ముందు లారీ ఆపి, "సారూ, బెల్లంపల్లిల మీ చిన్నమ్మ రాత్రి పోయింది. దమ్ము లేచి ఊపిరాడలే" అన్నాడు. అడగవలసినవి ఎన్నో ఉండగా నా నోట వచ్చింది ఒక్కటే: "ఇంట్ల వాన పడ్డదా?" అతను నన్ను వింతగా చూశాడు. మీకూ వింతగానే ఉంటుంది, చెబుతాను.

చిన్నమ్మ భర్త, మా చిన్నబాపుది బొగ్గుబాయిలో పని. కొన్నేళ్ల కిందట మేనేజరు బంగ్లాకు బెంగుళూరు నుంచి బుట్టెడు పండ్లు వస్తే ఆయన చేతిలోనూ రెండు పెట్టారు. ఇంగ్లీషులో అవకాడో అంటారట. ఆకుపచ్చగా, గట్టిగా ఉంటే చిన్నమ్మ మామిడికాయలాంటివే అనుకుని, ఒకటి కోసి పప్పులో ఉడికించింది. ఆ చేదు ఇంకా నా నాలుక మీదే ఉంది. చిన్నబాపు కంచం పక్కకు జరిపి, "గిది తినేదా, మందా?" అన్నాడు. చిన్నమ్మకు నవ్వు ఆగలేదు. "మనకు తెల్వదని పండుకేం తెలుసు? దాన్నెందుకు తిడుతవ్" అంది.

బంగ్లా వంటమనిషిని అడిగొచ్చి, రెండోదాన్ని మెత్తబడే దాకా బియ్యం డబ్బాలో దాచింది. పొయ్యి ముట్టించకుండా ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, ఉప్పు, నిమ్మరసం వేసి చేత్తోనే పిసికింది. జొన్నరొట్టెతో తిన్నాం. ఆఖరున గిన్నె తుడిచింది చిన్నబాపే.

గింజకు చీపురుపుల్లలు గుచ్చి, గ్లాసు నీళ్ల మీద నిలబెట్టి కిటికీలో పెట్టింది. మొలకొచ్చాక కిరసనాయిలు డబ్బాలోకి మార్చింది. వాకిట్లో పెట్టమంటే వినలేదు. "కంపెనీ జాగ కొడుకా. రేపు లెమ్మంటే మనం లేస్తం, చెట్టు లేస్తదా?" అని ఇంట్లోనే పెంచింది. రోజూ పొద్దున్నే ఆకుల మీది బొగ్గుదుమ్మును తడిగుడ్డతో తుడిచేది. "దీని మొకం కడిగినంకనే నాకు చాయ్" అనేది.

మొన్న ఎండాకాలం మొక్క పైకప్పుకు తగిలింది. కొన తుంచితే పక్కలకు కొమ్మలేస్తుందన్నాను. నా మాట వింటేనా! "పెరిగేదాని తల తెంపుతవా? ఒక్క పెంక తియ్యి, దాని తొవ్వల అది పోతది" అంది. నిచ్చెన వేసుకుని నేనే తీశాను. అప్పుడు గొప్ప సరదాగానే ఉండింది.

వానలు పడ్డాయి. ఆమె మంచం ఆ గదిలోనే. సందులోంచి కారే నీళ్లకు గిన్నె పెట్టుకుని, దగ్గుతూ కూర్చునేది. పెంకు మళ్లీ పెట్టేస్తానంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"పెడితే అది విరుగుతది. నేనైతే దగ్గుత, అంతేగద."

ఆమెకు ఉబ్బసం పాతదేననీ, పెంకుకూ దానికీ ముడిపెట్టొద్దనీ, నేను బెల్లంపల్లి చేరాక దవాఖానలో డాక్టరు నచ్చజెప్పాడు. చిన్నబాపు కూడా, "ఫికర్ చెయ్యకు, ఆమె ఎవ్వరి మాటిన్నది?" అన్నాడు. ఎవరైనా ఒక్క మాట తిడితే బాగుండుననిపించింది. ఆమె మాట విని తీసినవాణ్ణి, ఆమె మాట వినకుండా పెట్టి ఉండవలసింది. నా మనసు ఎటు తిప్పినా అక్కడే ఆగుతోంది.

కర్మకాండ అయిన మర్నాడు చిన్నబాపు ఆ పెంకు తెచ్చి నా చేతికిచ్చాడు. "జర పెట్టు బిడ్డా. ఆ సందు చూడలేకపోతున్న."

ఎక్కాను. మొక్క కప్పు మీద మూరెడు ఎత్తు పెరిగి ఉంది. పెంకు పెట్టాలంటే దాన్ని విరవాలి. ఇంట్లో ఆకులు ఇంకా తళతళలాడుతున్నాయి. బయట ఆకులు మాత్రం వానకూ వదలని బొగ్గుదుమ్ముతో నల్లగా ఉన్నాయి. ఆమె చెయ్యి అక్కడిదాకా రాలేదు. అవి వచ్చిన సంగతి కూడా ఆమె చూడలేదు.

పెంకు పక్కన పెట్టి, జేబులోంచి రుమాలు తీశాను. నిన్నటి వాననీళ్లు పెంకుల గాడిలో ఇంకా ఉంటే అందులో ముంచాను.

"పెట్టినవా?" కింద నుంచి చిన్నబాపు అడిగాడు.

"దీని మొకం కడుగుతున్న" అన్నాను.

ఆయన రెండు చేతులతో నిచ్చెన గట్టిగా పట్టుకున్నాడు.