మైలలో ఆడిన మ్యాచ్

మా నాన్నకు బాస్కెట్‌బాల్ అంటే మొదటి నుంచీ చులకనే. కుర్రతనంలో కబడ్డీ ఆడిన మనిషి. ఏ ఊళ్లో తిరునాళ్లకు పోటీలు పెట్టినా వెళ్లి, మోకాళ్లు చెక్కుకుపోయి ఇంటికొచ్చేవాడని నాయనమ్మ చెప్పేది. నేను నరసరావుపేటలో డిగ్రీలో చేరి, కాలేజీ టీములో చోటు సంపాదించుకుని, ఆ ఆట సంగతులన్నీ గొప్పగా వివరిస్తే చివరిదాకా విన్నాడు. విని, "ముట్టుకుంటే ఫౌలా? మనిషిని మనిషి ముట్టుకోకుండా ఆడేదాన్ని ఆటంటారా ఏందే?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. అంత సుకుమారమైన ఆటేం కాదనీ, మీద పడతారనీ, మోచేతులు తగులుతాయనీ, రిఫరీ చూడకపోతే ఇంకా చాలా జరుగుతాయనీ చెప్పాను. "అట్టా చెప్పు మరి" అన్నాడు నాన్న, అప్పుడు గానీ ఆ ఆట మీద కాస్త గౌరవం కలగనట్టు.

తర్వాతి వారం క్రోసూరు పోయి, పాత డ్రమ్ము నుంచి కోసిన ఇనప రింగును పొడుగాటి గొట్టానికి వెల్డింగు చేయించి ట్రాక్టరు మీద వేసుకొచ్చాడు. మిరపకాయలు ఆరబోసే కల్లంలో ఓ మూల పాతాడు. కోతలు లేని రోజుల్లో కల్లం మాదే. సాయంత్రం కాలేజీ బస్సు దిగి నేను రావడం ఆలస్యం, భుజం మీద తువ్వాలు నడుముకు బిగించి, చేతులు చాపి అడ్డం నిలబడేవాడు. ఆయన ఆడేది బాస్కెట్‌బాలూ కాదు, కబడ్డీ కూడా కాదు. భుజంతో నెట్టేవాడు, నడుం పట్టుకుని ఆపేవాడు. ఫౌల్ అని నేను అరిస్తే, "పో, పోయి రిఫరీకి చెప్పుకో" అనేవాడు. నేను పడితే మాత్రం పరిగెత్తుకొచ్చి, గీసుకున్న మోచెయ్యి పైకెత్తి చూసి, దుమ్ము పోయేలా ఊది, "తగిలిందిగా. ఇంక ఆడినట్టే" అనేవాడు. మా అమ్మ వాకిట్లోంచి, దీన్ని రేపు చేసుకునేవాడు ఈ మోచేతులు చూసి పారిపోతాడని ఇద్దర్నీ కలిపి తిట్టేది.

ఇంత చేసినా ఆయన నా మ్యాచ్ ఒక్కటీ చూడలేదు. మొదటి ఏడాది పోటీలు ఎక్కడో దూరాన జరిగాయి. రెండో ఏడాది సరిగ్గా ఆ రోజుల్లోనే పత్తి తీతలు వచ్చిపడ్డాయి. మూడో ఏడాది అదృష్టం బాగుండి తొలి మ్యాచ్ మా కాలేజీ కోర్టులోనే పెట్టారు. ఓడితే అదే ఆఖరి మ్యాచ్ కూడా. మా పోటీలు అలాంటివి. నాన్న వస్తానన్నాడు. వస్తాననడమే కాదు, తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించి కొక్కేనికి తగిలించాడు. "పెళ్లిచూపులకు పోతన్నావా?" అని అమ్మ ఎగతాళి చేస్తే, "కాలేజీ అమ్మాయిల మధ్య కూర్చోవాలి మరి. దీని పరువు తియ్యమంటావా?" అన్నాడు.

ఆ చొక్కా కొక్కేనికి అలాగే ఉండిపోయింది. మ్యాచ్ ఇంకో నాలుగు రోజులుందనగా, తెల్లవారుజామున మిరప చేనుకు నీళ్లు పెట్టడానికి వెళ్లి, మోటారు వేసి, గట్టు మీద కూలబడిపోయాడు. ఛాతీలో నొప్పి. పక్క చేలో వాళ్లు చూసి కారులో వేసుకుని నరసరావుపేట ఆసుపత్రికి తీసుకెళ్లేసరికే ప్రాణం లేదు.

ఆ రోజు వచ్చినవాళ్లంతా నన్ను పట్టుకుని ఏడ్చారు. ఎవరెవరి చేతులో తల మీదా వీపు మీదా పడ్డాయి. నాకు ఏడుపు రాలేదు, ఒక్క చుక్క కూడా. కొయ్యలా నిలబడ్డాను. పిల్ల బెదిరిపోయిందని కొందరన్నారు, చదువుకున్న పిల్లలకు రాళ్ల గుండెలని ఇంకొందరన్నారు. దహనం అయిపోయి, అందరూ తలస్నానాలు చేసి వెళ్లిపోయాక ఇంట్లోకి మైల వచ్చి కూర్చుంది. అది కార్తీక మాసం. మా వీధిలో ఇంటికొకరు అయ్యప్ప మాల వేసుకుని ఉన్నారు. పాలవాడు చెంబు కింద పెట్టమని పైనుంచి పోసేవాడు. పలకరించడానికి వచ్చిన ఇరుగు పొరుగు అత్తలు, పిన్నులు వాకిట్లోనే నిలబడి, రెండు మాటలు చెప్పి, కొంగు దగ్గరకు లాక్కుని పోయేవాళ్లు. వాళ్ల తప్పేం లేదు. మేమైనా అంతే చేస్తాం. కానీ నా ఒళ్లు నాకే పరాయిదైపోయింది.

మాకు ఆట నేర్పే పీడీ మేడం ఫోన్ చేసింది. రమ్మని అడగలేదు. ఎలా ఉన్నావని అడిగి పెట్టేసింది. అడగలేదు కానీ సంగతి నాకు తెలుసు. టీములో ఒకమ్మాయికి కామెర్లు, ఇంకొకమ్మాయికి చీలమండ బెణికింది. నాతో కలిపితేనే ఐదుగురు. ఐదుగురు లేకపోతే ఆట మొదలే కాదు, అవతలివాళ్లు గెలిచినట్టు రాసేస్తారు. ఏడాదంతా ఎండలో పరిగెత్తిన పిల్లలు బంతి ముట్టుకోకుండానే ఇళ్లకు పోతారు.

ఈ ముక్క నేను నాయనమ్మతో చెబుతుంటే, మూల కూర్చున్న అమ్మ విన్నది. అప్పటిదాకా ఎవరితోనూ మాట్లాడని మనిషి కొక్కెం వైపు చూసింది.

"ఆ చొక్కా ఎందుకు ఇస్త్రీ చేయించాడే? పో" అంది.

"మైలలో గడప దాటి ఆటలకా? నలుగురూ ఏమనుకుంటారు?" అంది నాయనమ్మ.

"నా మొగుడు పోయాడు. నలుగురూ ఇంకేమనుకుంటే నాకేంది అత్తా?"



తలకొరివి పెట్టిన మా తమ్ముడు ఇల్లు కదలకూడదు. అందుకని చిన్నకర్మ అయిన మర్నాడు బాబాయి నన్ను బండి మీద తీసుకెళ్లాడు. మా బాబాయి నాన్నకు తమ్ముడు, ఊళ్లో పెద్దమనిషి లెక్క. పంచాయితీ చెప్పినా, ఎద్దును అమ్మినా ఉన్న లోపం ముందే చెప్పే రకం. ఆ నిజాయితీ ఆ రోజు నా కొంప ముంచింది.

కాలేజీ కోర్టు దగ్గర మాచర్ల వైపు నుంచి వచ్చిన టీము బంతులు వేసుకుంటూ ఉంది. నేను జెర్సీ వేసుకుని వచ్చేలోపు బాబాయి నేరుగా వాళ్ల మేడం దగ్గరికి పోయాడు. చేతులు జోడించి, అందరికీ వినపడేటట్టే చెప్పాడు.

"అమ్మా, మా పిల్ల మైలలో ఉంది. తండ్రి పోయి నాలుగు రోజులే అయింది. మీ పిల్లల ఇళ్లల్లో మాలలేసుకున్నోళ్లు ఉంటారు, దీపాలు పెట్టుకునేవోళ్లు ఉంటారు. తెలవక తగిలితే ఆ పాపం మాకెందుకు? చెప్పటం మా ధర్మం. పిల్లల్ని కాస్త చూసుకోమనండి."

ఆయన్ను అక్కడికక్కడే బంతితో కొట్టాలనిపించింది.

ఆట మొదలయ్యే ముందు మేము ఐదుగురం చేతులు ఒకదాని మీద ఒకటి వేస్తాం. ఆ రోజు నాలుగు చేతులు కలిశాయి. నేను చెయ్యి చాపేలోపే మా కెప్టెన్ మెల్లగా, "ఏమనుకోమాక, మా అన్న మాలేసుకున్నాడు" అంది. ఏమీ అనుకోనన్నాను. నా చెయ్యి వాళ్ల చేతుల పైన, తగలకుండా, గాలిలో పెట్టాను. అవతలి పిల్లలు అందరికీ చేతులు కలిపి, నా దగ్గరకొచ్చేసరికి నమస్కారం పెట్టారు.

విజిల్ పడింది. బంతి నా చేతికి రాగానే ఎదురుగా ఉన్న పిల్ల రెండడుగులు వెనక్కి వేసింది. నేను ముందుకు పోతే ఇంకొకమ్మాయి పక్కకు తప్పుకుంది. దారి ఇచ్చేశారు. రింగు కిందదాకా వెళ్లి వేశాను, పడింది. మళ్లీ వెళ్లాను, మళ్లీ అంతే. చుట్టూ నిలబడ్డవాళ్లు చప్పట్లు కొట్టారు, కానీ ఆ చప్పట్లు బాస్కెట్‌కు కాదు. "అయ్యో పాపం" అని ఎవరో ఆడమనిషి పైకే అంది.

ఆట కాదది. పరామర్శ. కోర్టు మధ్యలో కూడా నన్ను వాకిట్లోంచే పలకరించి పోతున్నారు. "ముట్టుకోకుండా ఆడేదాన్ని ఆటంటారా ఏందే" అన్న గొంతు చెవిలో మోగుతూనే ఉంది. ఆయన ఉండి ఉంటే ఇస్త్రీ చొక్కాతోనే లోపలికి వచ్చి నన్ను నెట్టేసేవాడు. ఆ కోపంలోనో, దుఃఖంలోనో, మూడోసారి నుంచి నా చేతులు పనిచెయ్యడం మానేశాయి. ఎదురుగా ఎవరూ లేకుండానే గురి తప్పాను. బంతిని ఎవరికి వెయ్యాలో తెలియక పట్టుకుని నిలబడ్డాను. వాళ్లు ఓపిగ్గా, దూరంగా ఎదురుచూశారు.

విరామం అయ్యాక వాళ్ల బెంచీ మీది నుంచి ఒక పొట్టి పిల్ల లేచింది. జెర్సీ లోపల నిండు చేతుల టీషర్టు, తలకు బిగించి కట్టిన నల్ల స్కార్ఫు. "మాకు ఆ పట్టింపు లేదు మేడం. నేను పట్టుకుంటా ఆ అక్కని" అనడం నాకు వినపడింది. పైకి చూస్తే ఏదో పని అందుకున్నట్టే ఉంది తప్ప, ఆ మొహంలో జాలి లేదు.

లోపలికొచ్చి నా ముందు నిలబడింది. నిలబడడమేమిటి, అతుక్కుంది. నేను కుడికి తిరిగితే దాని భుజం, ఎడమకు తిరిగితే దాని మోచెయ్యి. చెమట వాసన, ఒగర్పు, నా నడుం మీద వేడిగా దాని ముంజెయ్యి. బంతి లాక్కుపోయింది. నాకు రోషం వచ్చింది. వెంటపడి మళ్లీ గుంజుకున్నాను. ఆ కాసేపు నేను ఆడాను. నిజంగా ఆడాను. రింగు వైపు ఎగిరినప్పుడు ఆ పిల్ల పక్క నుంచి వచ్చి ఒంటి బరువంతా వేసి గుద్దింది. ఇద్దరం సిమెంటు మీద పడ్డాం. నా మోచెయ్యి కోర్టు మీద గీసుకుంటూ పోయింది.

విజిల్ మోగింది. ఆ పిల్ల ముందు లేచి, రెండు చేతులతో నన్ను పట్టుకుని కూర్చోబెట్టింది. మోచెయ్యి పైకెత్తి చూసింది. ఇసుక అంటుకుని రక్తం కారుతుంటే వంగి ఊదింది.

"చానా గట్టిగా తగిలిందా అక్కా?"

"తగిలింది" అన్నాను.

అంతే. ఏడుపు ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, కోర్టు మధ్యలో, అంతమంది ముందు, ఆ పరాయి పిల్ల చెయ్యి వదలకుండా నోరు తెరిచి ఏడ్చాను. "నాన్నా" అని అరిచానట, నాకు తెలియదు. దెబ్బకే ఏడుస్తున్నాననుకుని ఆ పిల్ల బెదిరిపోయి, "కావాలని కొట్టలా అక్కా, నిజంగా" అంటూ ఉంది. మా కెప్టెన్ పరిగెత్తుకొచ్చి, మాల సంగతి మరిచిపోయి, నా తల తన పొట్టకు అదుముకుంది. రిఫరీ బంతి చంకలో పెట్టుకుని పక్కకు తిరిగి నిలబడ్డాడు.

ఫౌల్‌కు రెండు షాట్లు ఇచ్చారు. కళ్లకు రింగు కనపడలేదు, రెండూ పోయాయి. మ్యాచ్ కూడా పోయింది. ఆ ఏటికి మా ఆటలు ఆ తొలి రోజే అయిపోయాయి. మా కెప్టెన్ ఇంటికి పోయేముందు కాలేజీ కుళాయి కింద బట్టలతోనే తల తడుపుకుంది. ఆ పొట్టి పిల్ల బస్సెక్కుతూ నాకు చెయ్యి ఊపింది. మళ్లీ ఎక్కడా కనపడలేదు.

బాబాయి బండి మీదే తిరిగి వస్తున్నాం. ఊరు దగ్గర పడుతుండగా, "ఒకేళ నేను చెప్పకుండా ఉండాల్సిందేమోనే" అన్నాడు. అద్దంలో చూస్తే ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. నాకు అప్పటికి కోపం లేదు. చెప్పకుండా ఉండే మనిషి కాదులే నువ్వు అన్నాను.

ఇంట్లో అమ్మ ఆ మూలే కూర్చుని ఉంది. గెలిచావా ఓడావా అని అడగలేదు. దగ్గరకు రమ్మని నా మోచెయ్యి పట్టుకుని చూసింది. వేలితో చుట్టూ తడిమింది.

"ఆడనిచ్చారన్నమాట" అంది.

ఊఁ అన్నాను. తర్వాత ఆమె ఒడిలో తల పెట్టుకున్నాను.

ఆ గాయం పొక్కు కట్టింది. దాన్ని గిల్లుతూ, మాననివ్వకుండా చాలానే చేశాను. పెద్దకర్మ రోజు వాకిట్లో కూర్చోబెట్టి తల మీద నీళ్లు పోస్తుంటే పొక్కు నాని, ఊడి, ఆ నీళ్లలోనే పోయింది. ఇల్లంతా కడిగారు. బట్టలన్నీ చాకలికి వేశారు, ఇస్త్రీ చొక్కాతో సహా. భోజనాల వేళకు మా టీము పిల్లలందరూ వచ్చి నన్ను గట్టిగా వాటేసుకున్నారు. వీధిలో అత్తలు, పిన్నులు లోపలిదాకా వచ్చి నా బుగ్గలు నిమిరారు. శుద్ధయింది, ఇంక ఏ పట్టింపూ లేదన్నారు.

అన్ని రోజులూ ఆ మైలను తిట్టుకున్న మనిషిని నేనే. తీరా అది కడిగేశాక తెలిసింది, నాన్న చావు తాలూకు గుర్తు నా ఒంటి మీద ఉన్నది అదొక్కటేనని. ఇంకొన్ని రోజులు ఎవరూ నన్ను ముట్టుకోకపోయినా బాగుండేది.